కోఠీ చాచాకు, మా అమ్మ తరఫున

ఈ కృతజ్ఞతలు అందరికన్నా ముందు, మా అమ్మ దాచుకున్న పాత వీడియో క్యాసెట్‌కు ప్రాణం పోసిన, హైదరాబాదు కోఠీలో ఒక సందులో పాత టీవీలు, వీసీఆర్‌లు బాగుచేసే పెద్దాయనకు చెందాలి. ఆయన తెలుగు మాట్లాడగలరు గాని చదవలేరు. పేరు రాయవద్దని గట్టిగా చెప్పారు కూడా, కాబట్టి మా ఇంట్లో అందరం ఇప్పుడు పిలుస్తున్నట్టే ఇక్కడా చాచా అనే రాస్తాను. నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి, వాక్యాలు ఎక్కడైనా తడబడితే మన్నించండి. రేపటికి వాయిదా వేస్తే అమ్మ ఫిజియోథెరపీ, మందుల వేళలు, నా ఆఫీసు పని కలిసి ఈ నాలుగు మాటలూ రాయనివ్వవని తెలుసు కనుక ఇప్పుడే కూర్చున్నాను.

మా అమ్మ ఇల్లెందులోను, తర్వాత కొత్తగూడెంలోను హిందీ పండిట్‌గా పనిచేసి రిటైరైంది. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు ప్రాథమిక నుంచి ప్రవీణ దాకా వరుసగా రాసి ఉద్యోగం తెచ్చుకున్న తరం ఆవిడది. ఇంటికి టీవీ వచ్చాక దూరదర్శన్ హిందీ సినిమాలే ఆవిడకు తీరిక, అందులోనూ దీప్తీ నావల్ ఉందంటే అన్నం వార్చడం కూడా మా నాన్న పనే. 1981 నాటి ‘చష్మే బద్దూర్’లో ఇంటింటికీ తిరిగి సబ్బుపొడి అమ్ముకునే అమ్మాయిగా దీప్తీ నావల్ అందరికీ గుర్తుండిపోయింది. అమ్మకు మాత్రం 1987లో వచ్చిన ‘మిర్చ్ మసాలా’లో, ఊరి ముఖియా భార్యగా ఉంటూనే మొగుడి మాట కాదని కూతురిని బడిలో చేర్చే సరస్వతి ఇష్టం. ఆడపిల్లలను బడి మాన్పించడానికి వచ్చే తండ్రులతో ఆవిడ వాదించేటప్పుడు ఆ పాత్ర మనసులో ఉండేదని నాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు. దీప్తీ నావల్ అమృత్‌సర్‌లో పెరిగి, న్యూయార్కు హంటర్ కాలేజీలో చిత్రకళ చదువుకుని, 1978లో శ్యామ్ బెనెగల్ ‘జునూన్’తో సినిమాల్లోకి వచ్చిందనీ, 1983లో ‘లమ్హా లమ్హా’ పేరుతో హిందీ కవితల పుస్తకం వేసిందనీ అమ్మ మాకు పాఠం చెప్పినట్టు చెప్పేది. నటి కవిత్వం రాయడం అమ్మకు గొప్ప. నటన కన్నా అదే గొప్పేమో.

ఆ అమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే జరిగింది గాని, మత్తు దిగాక ఆవిడకు పగలేదో రాత్రేదో తెలియకుండా పోయింది. పెద్ద వయసులో ఇలాంటి ఆపరేషన్ల తర్వాత ఈ అయోమయం మామూలేననీ, తెలిసిన మనుషులూ తెలిసిన వస్తువులూ దగ్గరుంటే నెమ్మదిగా తగ్గుతుందనీ డాక్టర్లు చెప్పారు. ఇంటికి తెచ్చాక అయోమయం చాలావరకు తగ్గింది, దానితో పాటు మాటా తగ్గిపోయింది. అడిగినదానికి అవును, కాదు, అంతే. అలాంటి మనిషి ఒక రాత్రి ఉన్నట్టుండి, “కొండల్లో దీప్తి ఏదీ?” అని అడిగింది. మళ్ళీ మతి తప్పిందని భయపడ్డాం. మర్నాడూ అదే ప్రశ్న, ఆ మర్నాడూ అదే. తమ్ముడు కొత్తగూడెం వెళ్ళి ట్రంకు పెట్టె దులిపితే నాన్న స్వెట్టర్ల కింద ఒక వీహెచ్‌ఎస్ క్యాసెట్ దొరికింది. దాని మీద అమ్మ గుండ్రటి చేతిరాతతో ‘దీప్తి – కొండలు’ అని ఉంది.

అలా ఒక టీవీ కార్యక్రమం సంగతి నాకు తెలిసింది. దీప్తీ నావల్ స్వయంగా నిర్మించిన యాత్రా కార్యక్రమం ‘ది పాత్ లెస్ ట్రావెల్డ్’ అనేది ఒకటుందని, టీవీలో వస్తుండగా అమ్మ అందులో కొంత రికార్డు చేసుకుందని, మేము బడికీ కాలేజీకీ పోయాక ఒక్కతే కూర్చుని చూసుకునేదని ఇన్నేళ్ళలో మాకెవరికీ తెలియదు. బొగ్గు దుమ్ము పడుతుందని కిటికీలు మూసుకునే ఊరు కొత్తగూడెం. వేసవిలో పొయ్యి మీద పెనంలా కాలే ఆ ఇంట్లో మంచు చూస్తూ కూర్చున్న మా అమ్మను నేను ఇప్పుడే ఊహించుకుంటున్నాను.

క్యాసెట్ దొరికింది, చూసే దారి దొరకలేదు. ఇక్కడ నాలుగు మాటలు కోపంగానే రాస్తున్నాను. పాత టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తామని బోర్డు పెట్టుకున్న ఒక స్టూడియోవాళ్ళు, పరిశీలన రుసుము ముందే కట్టించుకుని, వారం తిప్పి, ‘బూజు పట్టింది, మా మిషన్ పాడవుతుంది’ అని క్యాసెట్‌ను పాలిథిన్ కవరులో పెట్టి ఇచ్చేశారు. పోనీ, ఈ కార్యక్రమం అసలు ప్రతి ఎక్కడైనా ఉంటుందేమోనని పాత ప్రసారాలను భద్రపరిచే ఒక కార్యాలయానికి ఉత్తరం రాస్తే, ప్రసార తేదీ, ఎపిసోడ్ సంఖ్య, టేపు సంఖ్య తెలియజేయవలసిందిగా జవాబు వచ్చింది. టేపు సంఖ్య వాళ్ళ బీరువాలో ఉండాలి గాని మా ట్రంకు పెట్టెలో ఎందుకుంటుంది?

మన దేశంలో పుస్తకం అచ్చయితే 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త తన ఖర్చుతో ఒక ప్రతిని కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి పంపాలి. సినిమాల కోసం పుణెలో 1964లోనే జాతీయ చలనచిత్ర భాండాగారం పెట్టారు. టీవీలో వచ్చినదాన్ని మాత్రం తప్పనిసరిగా ఒకచోట దాఖలు చేయాలనే చట్టం లేదు. టేపు ఖరీదైన వస్తువైన రోజుల్లో పాత కార్యక్రమం మీదే కొత్తది రికార్డు చేయడం ఆ వృత్తిలో అందరికీ తెలిసిన సంగతి. దేశమంతా ఒకే చానల్ చూసిన కాలపు జ్ఞాపకాలు ఇప్పుడు రిటైరైన టీచరమ్మల ట్రంకు పెట్టెల్లో బూజు పడుతున్నాయంటే అది ఆ టీచరమ్మల తప్పు కాదు. ఎవరి తప్పో నాకు తెలుసు గాని, ఉత్తరం రాస్తే మళ్ళీ టేపు సంఖ్య అడుగుతారు.

చాచా దగ్గరికి నన్ను పంపినవారి గురించి తర్వాత చెబుతాను. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన నాకు నచ్చలేదన్నది నిజం. తల ఎత్తకుండానే, ఇప్పుడు ఆ పని చేయడం లేదనీ, రిమోట్లూ ఛార్జర్లే చూస్తున్నాననీ, వీసీఆర్‌లో టేపును చదివే హెడ్లు ఇప్పుడు ఎక్కడ తెస్తారనీ విసుక్కున్నారు. ఆ విసుగుకు కారణం ఉంది. ప్రపంచంలో చివరిదాకా వీసీఆర్‌లు తయారుచేసిన జపాను కంపెనీ ఫునాయ్ కూడా 2016లోనే ఉత్పత్తి ఆపేసింది. అప్పటి నుంచి ఒక మిషన్ బాగుపడాలంటే ఇంకో మిషన్‌ను విప్పవలసిందే. నేను క్యాసెట్ బల్ల మీద పెట్టి ఊరుకున్నాను. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి, కిటికీ లాంటి ఆ పారదర్శకపు ముక్కలోంచి చూసి, చేతిరాత ఎవరిదని అడిగారు. మా అమ్మదని, మంచాన ఉందని చెప్పాను. ముక్కుకు గుడ్డ కట్టుకోమన్నారు. ఆయనా కట్టుకున్నారు.

ఆ తర్వాత చూసింది నేను ఎన్నాళ్ళయినా మరచిపోను. వెనకవైపు ఐదు స్క్రూలు విప్పి, మూత తీసి, రెండు చక్రాలనూ గిన్నెలో నీళ్ళు మోసినట్టు ఎత్తి పక్కన పెట్టారు. అరంగుళం వెడల్పున్న టేపు చుట్ట అంచుల మీద తెల్లగా, సన్నని నూలు పోగుల్లా బూజు. మూడు గంటల క్యాసెట్‌లో టేపు దాదాపు 258 మీటర్లు ఉంటుందట. అంత పొడవునా ఆయన చేత్తో తిప్పే చక్రం మీదికి ఎక్కిస్తూ, ఐపీఏతో, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, తడిపిన మెత్తని గుడ్డ మడతల మధ్య నుంచి లాగుతూ, గుడ్డ కాస్త మురికి కాగానే మడత మారుస్తూ తుడిచారు. రెండుచోట్ల టేపు ముడతపడి చినిగింది. ఆ మేరకు కత్తిరించి, హెడ్‌కు తగలని వైపు మాత్రమే అంటించి కలిపారు. వీసీఆర్‌లో హెడ్ డ్రమ్ నిమిషానికి 1,500 సార్లు తిరుగుతుందని, దాని మీద గోరంత బూజు పడినా చిత్రం పోవడమే గాక హెడ్ గీసుకుపోతుందని, అందుకే ఆ స్టూడియోవాళ్ళు భయపడడంలో తప్పు లేదని కూడా ఆయనే చెప్పారు. రుసుము తీసుకోవడం మాత్రం తప్పేనన్నారు. పాత పెట్టె వంకరపోయిందని, ఏదో పెళ్ళి క్యాసెట్ ఖాళీ పెట్టెలోకి మా టేపు చుట్ట మార్చారు. అమ్మ చేతిరాత ఉన్న కాగితాన్ని ఆవిరి పట్టి ఊడదీసి దాని మీద అతికించారు. అది అతికించమని నేను అడగలేదు.

ఈ పనిలో తొందర కుదరదు. టేపు ఎంతసేపు ఉంటే అంతసేపూ కూర్చోవాలి. ట్రాకింగ్ తప్పి గీతలు వచ్చినప్పుడల్లా ఆయన ఆపి, హెడ్ తుడిచి, కొంచెం వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టేవారు. కొట్లో పనిచేసే కుర్రవాడు బొమ్మ బాగుందని ఒకసారి పాజ్ నొక్కితే చాచా ఎంత కేకలేశారో! బొమ్మ ఆగినా డ్రమ్ ఆగదు, తిరుగుతున్న హెడ్ టేపులో ఒక్కచోటనే రాసుకుంటూ ఉంటుంది, పాత టేపు ఆ రాపిడికి ఆగదు. ‘ఇది వాళ్ళ అమ్మది, నీది కాదు’ అని ఆ కుర్రవాడిని బయటికి పంపేశారు.

అమ్మను చూసుకునే ఆయా ఆ వారమంతా రాలేదు, నేను కదలలేకపోయాను. ఫోన్ చేసి ఆ మాట చెబితే, కొట్టు కట్టేశాక చాచాయే వచ్చారు, ఒక చేతిలో పెన్‌డ్రైవ్, ఇంకో చేతి సంచిలో ఆయన సొంత వీసీఆర్. మా లిఫ్టు పనిచేయడం లేదు. మూడో అంతస్తు దాకా మెట్లెక్కి, గుమ్మంలో నిలబడి ఊపిరి తీసుకుని, “కొత్త టీవీలకు పసుపు పిన్ను ఉండదు కదా, అందుకే కన్వర్టర్ కూడా తెచ్చాను” అన్నారు. పెన్‌డ్రైవ్ ఉండగా వీసీఆర్ ఎందుకని అడిగితే, అమ్మగారికి క్యాసెట్టే కావాలేమో అన్నారు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

అమ్మను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాం. మొదట గీతలు, తర్వాత ఉప్పు చల్లినట్టు చుక్కలు, తర్వాత కొండలు. రంగులు వెలిసి నీలం ఎక్కువై ఉంది. దీప్తీ నావల్ గొంతు మాత్రం నిలిచి ఉంది. ఇప్పటి యాత్రా వీడియోల్లో అరుస్తూ, పరుగెత్తుతూ, ప్రతి మలుపులో ఆశ్చర్యపోతూ ఉండే మాటలకు అలవాటుపడిన నాకు ఆ నెమ్మది మొదట వింతగా తోచింది. ఆవిడ ఏదో చెప్పి ఆగుతుంది. ఆ ఆగినంతసేపూ కెమెరా కొండనే చూస్తుంది. మనల్ని నవ్వించాలనిగాని, రమ్మని పిలవాలనిగాని ఆవిడకు తొందర లేదు. ఒంటరిగా చూసేవాళ్ళ కోసమే తీసినట్టుంది, అమ్మకు ఎందుకు నచ్చిందో చెప్పనక్కరలేదు. లడాఖ్ కొండల్లో రోడ్లు వేసే కూలీలను ఈవిడే ఫోటోలు తీసి ప్రదర్శించిందని విన్నప్పుడు అది నటీమణుల సరదా అనుకునేదాన్ని. ఈ టేపు చూశాక అలా అనిపించడం లేదు.

చాచా మౌనంగా ఉండలేక అమ్మతో ఏదో చెప్పబోయారు. మన హైదరాబాదీ హిందీలో, “మై బోల్‌రా థా టీచర్‌జీ” అని మొదలుపెట్టారు. అమ్మ టీవీ మీంచి చూపు తిప్పకుండానే, “బోల్ రహా థా” అని దిద్దింది. ఇంట్లో అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఆయన తడుముకోకుండా, “జీ, బోల్ రహా థా” అని అప్పజెప్పి, వాక్యం మొదటి నుంచి మళ్ళీ చెప్పారు. ఆ తర్వాత అరగంట సేపు ఆయన తప్పులు చేస్తూనే ఉన్నారు, ఆవిడ దిద్దుతూనే ఉంది. అందులో కొన్ని తప్పులు కావాలని చేసినవేనని నా అనుమానం.

అయితే నేను వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది అప్పుడు కాదు. మంచు కొండ, దాని ముందు దీప్తీ నావల్ కనిపించేచోట అమ్మ చెయ్యెత్తి ఆపమన్నట్టు సైగ చేసింది. నేను వద్దనబోయాను, టేపు పాడవుతుందని చాచా కొట్లో పెట్టిన కేకలు నా చెవుల్లో ఉన్నాయి. ఆయన మాత్రం రిమోట్ అమ్మ చేతికిచ్చి, వణికే ఆవిడ బొటనవేలును పాజ్ గుండీ మీద తానే ఆనించి, “ఆప్ జిత్నా చాహేఁ”, మీకు ఎంతసేపు కావాలంటే అంతసేపు, అన్నారు. బొమ్మ ఆగింది. లోపల డ్రమ్ గుయ్యిమని తిరుగుతూనే ఉంది. ఐదు నిమిషాలకు వీసీఆర్ తనంతట తానే వదిలేస్తే, అమ్మ మళ్ళీ వెనక్కి తిప్పించుకుని మళ్ళీ ఆపింది. ఆయన ఏమీ అనలేదు. ఆయన హెడ్, ఇంక ఎక్కడా దొరకని హెడ్, అక్కడ అరిగిపోతోందని ఆ గదిలో తెలిసింది మా ఇద్దరికే.

డబ్బు ఇవ్వబోతే ఐపీఏకూ కన్వర్టర్‌కూ అయిన ఖర్చు మాత్రం లెక్కగట్టి తీసుకున్నారు. మిగతాది టీచర్ల దగ్గర తీసుకోరట. వీసీఆర్‌ను మా ఇంట్లోనే వదిలి వెళ్ళారు, అమ్మ నడవడం మొదలుపెట్టాక తెచ్చి ఇమ్మన్నారు. చాచా, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో ఈ భాషలోనూ తెలియడం లేదు, మీ భాషలోనూ తెలియడం లేదు. చెప్పినా అమ్మ దాన్ని దిద్దుతుంది.

తమ్ముడు, మరదలు, మా ఆయన, పిల్లలు ఈ కాలమంతా వంతులవారీగా మేలుకుని అమ్మను చూసుకున్నారు. వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పేదేముంది, ఇల్లన్నాక చేసుకోవాలి.

చాచా దగ్గరికి పంపినది ఎవరో చెబుతానన్నాను. ఫిలిం సొసైటీ రోజుల నుంచి సినిమా సంగతులు గుర్తుపెట్టుకునే ఒక పెద్ద మనిషి, క్యాసెట్ మీది రెండు మాటలు చదివి వినిపించగానే కార్యక్రమం పేరుతో సహా చెప్పి, బూజు పట్టిన టేపుకు హైదరాబాదులో వైద్యుడు ఒక్కడే ఉన్నాడని దారి గీసి ఇచ్చారు. సార్, మీరు లేకపోతే ఇదంతా లేదు, ఆలస్యంగా రాసినందుకు ఏమీ అనుకోకండి. వార్డులో రాత్రి డ్యూటీ సిస్టర్, అమ్మ గొట్టాలు పీకేసుకోబోయినప్పుడల్లా కోప్పడకుండా హిందీలో పలకరించి పడుకోబెట్టారు, ఆవిడకూ కృతజ్ఞతలు. ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయి ఇప్పుడు అమ్మ చేత కొండ వచ్చినప్పుడు కుడికాలు, రోడ్డు వచ్చినప్పుడు ఎడమకాలు ఎత్తిస్తోంది, ఆ ఉపాయం తనదే. ఎదురింటి ఆంటీ పంపిన చారు క్యారేజీలు ఇంకా తిరిగి ఇవ్వలేదు, రేపు ఇస్తాను. చాచా కొట్లోని కుర్రవాడు, తిట్లు తిన్నవాడు, మర్నాడు పెన్‌డ్రైవ్ ఇంకో ప్రతి చేసి తానే తెచ్చి ఇచ్చాడు. బాబూ, నిన్ను మరచిపోలేదు.

చివరగా ఒక అభ్యర్థన. చాచాకు మంచి స్థితిలో ఉన్న ఖాళీ వీహెచ్‌ఎస్ క్యాసెట్ పెట్టెలు, పాడైనా సరే పాత వీసీఆర్‌లు కావాలి, ముఖ్యంగా హెడ్ అరగనివి. మీ అటకల మీద ఉంటే పాత సామాన్లవాళ్ళకు వేయకండి, హైదరాబాదులో ఎక్కడున్నా నేనే వచ్చి తీసుకువెళతాను. ఈ కార్యక్రమంలో అమ్మ దగ్గర లేని భాగాలు రికార్డు చేసుకున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. బూజు పట్టిందని మొహమాటపడవద్దు.